గ్రహణపు లెక్కయా, కుంచముల వానయా?
సముద్రముల భవిష్యత్తును చెప్పు గణిత నమూనాల విమర్శ

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగని ఊరు తెలుగునాట అరుదు. ఆ ఒక్క పుస్తకములోనే రెండు విధములైన సంగతులు పక్కపక్కన అచ్చుపడి ఉండును. ఫలానా తిథినాడు చంద్రగ్రహణము, స్పర్శకాలము ఇన్ని గంటల ఇన్ని నిమిషములు, మోక్షకాలము ఇంత అని ఒక పుట చెప్పును. ఈ సంవత్సరము ఇన్ని కుంచముల వాన, అందు సముద్రముపై ఇన్ని పాళ్లు, కొండలపై ఇన్ని పాళ్లు, నేలపై ఇన్ని పాళ్లు అని మరియొక పుట చెప్పును. రెండును అంకెలే. రెండింటి అచ్చు ఒకటే, కాగితము ఒకటే. కాని గ్రహణము చెప్పిన వేళకు పట్టును. వాన మాత్రము కుంచమునకు లొంగదు. అంకె కనబడగానే రెండింటిని సమానముగా నమ్మువాడు పొరబడుచున్నాడు. వాన లెక్క తప్పినదని గ్రహణపు లెక్కను కూడ కొట్టివేయువాడును అంతే పొరబడుచున్నాడు.

భూమి వేడెక్కుచున్న కొలది సముద్రములు ఏమగునో చెప్పు శాస్త్రవ్యాసములను చదువునప్పుడు ఈ పోలిక జ్ఞప్తికి రాక మానదు. ఈ శతాబ్దము చివరకు సముద్రపు పైనీరు ఇన్ని డిగ్రీలు వేడెక్కును, ఆమ్లగుణము ఇంత పెరుగును, నీటిలోని ఆక్సిజను ఇంత తగ్గును, చేపలు ఇంత శాతము తగ్గును అని ఆ వ్యాసములలో అంకెలు వరుసగా కనబడును. ఆ వరుస పత్రికలకెక్కును. కొంతకాలమునకు పాఠ్యపుస్తకములకును ఎక్కును. అచ్చులో అన్ని అంకెలకు ఒకే గౌరవము. వాటి పుట్టుక మాత్రము ఒకటి కాదు. ఏది గ్రహణపు లెక్కకు దగ్గర, ఏది కుంచముల వానకు దగ్గర అని విడదీయుటయే ఈ విమర్శ యొక్క ఉద్దేశము. పోలికకు ఒక హద్దు కలదు: పంచాంగములోని కుంచములకు ప్రకృతి శాస్త్రములో ఆధారము లేదు, సముద్ర నమూనాలలో మిక్కిలి బలహీనమైన అంచనాకు సైతము ఏదో కొంత ఆధారమున్నది. ఆ ఆధారము ఎంత బరువును మోయగలదన్నదే ప్రశ్న.

నమూనా అనగానేమి?

సముద్రమును, దానిపైనున్న వాయుమండలమును గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని ఉష్ణోగ్రత, ఉప్పదనము, ప్రవాహవేగము మొదలగువాటిని కంప్యూటరుచేత అంచెలంచెలుగా లెక్క కట్టించుటయే శీతోష్ణస్థితి నమూనా. ఒక గడిలోనికి వచ్చిన వేడి ఎంత, పోయిన వేడి ఎంత, మిగిలినది ఎంత అని చూచుకొనుచు పోవుటే పని. న్యూటను చలన సూత్రములు, శక్తి నిత్యత్వము, ద్రవ్య నిత్యత్వము దీనికి పునాదులు. వాయుమండలమును, సముద్రమును జోడించి లెక్కించిన మొదటి నమూనాను 1969లో అమెరికాలో సుకురో మనాబే, కిర్క్ బ్రయన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శీతోష్ణస్థితి నమూనాలపై చేసిన కృషికిగాను మనాబేకు 2021లో భౌతిక శాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము లభించినది.

నేటి నమూనాలలో జీవులు కూడ చేరినవి. సూర్యకాంతితో ఆహారము తయారుచేయు వృక్ష ప్లవకములు, వాటిని మేయు జంతు ప్లవకములు, అవి చచ్చి అడుగునకు రాలుట, ఆ శిథిలములు కుళ్లి మరల పోషకములుగా మారుట – ఇవన్నియు సమీకరణములుగా వ్రాయబడినవి. చిక్కు ఇచ్చటనే ఉన్నది. నీటి చలనమునకు న్యూటను సూత్రమున్నది. ప్లవకము యొక్క ఆకలికి అట్టి సూత్రము లేదు. ఒక్కొక్క జాతి ఎంత వేగముగా పెరుగును, ఎంత వేగముగా మేయబడును అను సంగతులు ప్రయోగశాలలో సీసాలలో కొలిచినవి. లేదా, ఫలితము నేటి సముద్రమును పోలి ఉండునట్లు సర్దుకొన్నవి. ఒకే నమూనాలో సగము ప్రకృతి నియమము, సగము అనుభవముపై కట్టిన సూత్రము. పాఠకుడు మొదట గుర్తించవలసినది ఈ అతుకును.

రెండవది షరతు. నమూనా జోస్యము చెప్పదు. మనుష్యులు ఇంత బొగ్గు, ఇంత చమురు కాల్చినచో ఇట్లగును అని మాత్రమే చెప్పును. సాధారణముగా రెండు కొసలను తీసుకొందురు. కార్బన్ డయాక్సైడును త్వరగా తగ్గించుకొను దారి ఒకటి. దీనిని పొదుపు దారి అనవచ్చును. అడ్డు లేక కాల్చుకొనిపోవు దారి రెండవది. దీనిని దుబారా దారి అనవచ్చును. ఈ రెండవదానిని జరుగబోవు మామూలు భవిష్యత్తుగా కాక, జరుగుటకు అవకాశము తక్కువగానున్న పైహద్దుగా నేడు పెక్కుమంది శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చు అంకెలలో ఎక్కువ భాగము ఈ పైహద్దువే.

గట్టి నేల: ఆమ్లగుణము, వేడి

2020లో లెస్టర్ క్వియాట్కోవ్‌స్కీ, ఆయన సహచరులు పదికి పైగా నమూనాల ఫలితములను ఒకచోట చేర్చి ప్రకటించిరి. 1870–1899 నాటి సగటుతో 2080–2099 నాటి సగటును వారు పోల్చిరి. సముద్రపు పైనీటి పి.హెచ్. దుబారా దారిలో 0.44 తగ్గును; నమూనాల మధ్య తేడా 0.005 మాత్రమే. పొదుపు దారిలో 0.16 తగ్గును, తేడా 0.002. పి.హెచ్. కొలబద్ద సంవర్గమానములలో ఉండును గనుక 0.44 చిన్నదిగా కనబడవచ్చును. దాని అర్థము హైడ్రోజన్ అయానులు సుమారు 2.75 రెట్లగునని. పొదుపు దారిలో అవి ఒకటిన్నర రెట్లకు లోపుగనే ఉండును.

ఇది గ్రహణపు లెక్కకు చాల దగ్గరిది. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగినచో అది నీటిలో కరగును, కార్బానిక ఆమ్లము ఏర్పడును, హైడ్రోజన్ అయానులు విడుదలగును. ఉన్నత పాఠశాల రసాయన పాఠములో ఉన్నది ఇదే. హవాయి దీవులకు ఉత్తరమున అలోహా అను సముద్ర స్థానములో 1988 నుండి నీటిని తీసి పరీక్షించుచున్నారు. గాలిలోని వాయువు పెరిగినకొద్దీ అచ్చటి నీటి పి.హెచ్. రసాయన శాస్త్రము చెప్పినట్లే తగ్గుచున్నది. అయినను ఒక హెచ్చరిక అవసరము. తేడా 0.005 అంత సన్నగా ఉండుటకు మరియొక కారణమున్నది: గాలిలో ఏ సంవత్సరము ఎంత వాయువుండవలెనో అన్ని నమూనాలకును ముందుగానే ఒకే పట్టికగా ఇచ్చిరి. ప్రశ్నలో సగము జవాబు ఇచ్చి పరీక్ష పెట్టినట్లున్నది. ఆ పట్టిక నిజమగునా కాదా అను సందేహము ఆ 0.005లో చేరలేదు. ఇంతేకాక, ఇది విశాల సముద్రపు సగటు. నదీముఖముల వద్ద, తీరపు మడుగులలో పి.హెచ్. ఒక్క దినములోనే ఎక్కువగా మారుచుండును.

వేడి విషయమున అంకె ఇట్లున్నది: పైనీరు దుబారా దారిలో 3.47 డిగ్రీలు వేడెక్కును, తేడా 0.78, పొదుపు దారిలో 1.42 డిగ్రీలు, తేడా 0.32. ఇచ్చట తేడా కొంత పెద్దది. మేఘములు ఎట్లు మారునో నమూనాలు ఏకీభవింపకపోవుట దీనికి ముఖ్య కారణము. కొత్త నమూనాలలో కొన్ని అతిగా వేడెక్కుచున్నవని గుర్తించి, అంతర్జాతీయ శీతోష్ణస్థితి సంఘము 2021 నివేదికలో భూమి ఉష్ణోగ్రతకు నమూనాల వట్టి సగటును తీసికొనక, పరిశీలనలతో సరిచూచి అంచనా కట్టినది. ఇది మెచ్చదగిన పద్ధతి. వేడి లెక్కను సరిచూచుటకు సాధనములును ఉన్నవి. ఆర్గో అను పథకము క్రింద సుమారు నాలుగు వేల తేలుడు యంత్రములు ప్రపంచ సముద్రములలో తిరుగుచు, పది దినముల కొకసారి రెండు వేల మీటర్ల లోతునుండి పైకి వచ్చుచు, ఉష్ణోగ్రతను, ఉప్పదనమును కొలిచి పంపుచున్నవి. భూమిపై చేరుచున్న అదనపు వేడిలో నూటికి తొంబది పాళ్లకు పైగా సముద్రములే మింగుచున్నవని కొలతలవలన తేలినది.

పాత నమూనాలు నిజముగా పలించినవా అని అడుగుట న్యాయమే. 1970 నుండి 2007 వరకు ప్రకటింపబడిన 17 అంచనాలను 2020లో హౌస్‌ఫాదర్, సహచరులు జరిగిన చరిత్రతో సరిచూచిరి. 10 అంచనాలు ఉన్నవి ఉన్నట్లే సరిపోయినవి. వాయువులు నిజముగా ఎంత పెరిగినవో ఆ లెక్కలో సవరించి చూడగా 14 సరిపోయినవి. అనగా తప్పు తరచుగా భౌతిక శాస్త్రములో లేదు. మనుష్యులు ఎంత కాల్చుదురన్న ఊహలో ఉన్నది. అయితే ఈ పరీక్ష భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రతకే జరిగినది. దీనిని చూపి నమూనా చెప్పు చేపల లెక్కను కూడ నమ్ముమనుట చెల్లదు. లెక్కలలో నూరు మార్కులు వచ్చిన విద్యార్థికి ఆ కారణముచేత చరిత్రలో కూడ నూరు వేయరు గదా!

ఏకాభిప్రాయము సత్యము కాదు: ఆక్సిజను

నమూనాల మధ్య తేడా తక్కువగా నున్నచో అంకె గట్టిదని చాలమంది అనుకొందురు. ఈ నమ్మకమును పరీక్షించుటకు ఆక్సిజను మంచి ఉదాహరణము.

2013లో లోరాఁ బాప్, సహచరులు పది నమూనాలను కూర్చి, దుబారా దారిలో 1990ల నుండి 2090ల నాటికి ప్రపంచ సముద్రములలోని ఆక్సిజను మొత్తము 3.45 శాతము తగ్గునని ప్రకటించిరి. తేడా 0.44 శాతమే. పది నమూనాలు దాదాపు ఒకే మాట చెప్పినవి. కాని 2017లో ష్మిట్కో, స్ట్రామా, విస్‌బెక్ అను ముగ్గురు జర్మనీ శాస్త్రజ్ఞులు ఓడలపై తీసిన కొలతలను పోగుచేసి చూడగా, 1960 తరువాత అర్ధశతాబ్దములోనే రెండు శాతమునకు పైగా ఆక్సిజను తగ్గినట్లు తేలినది. తక్కువ వేడి పెరిగిన గత ఏబది సంవత్సరములలోనే రెండు శాతము పోయినచో, ఎక్కువ వేడి పెరుగు రాబోవు నూరు సంవత్సరములకు మూడున్నర శాతము కూడ లేదనుట ఎట్లు పొసగును? గత కాలమునకు నమూనాలను నడిపి చూచినప్పుడును, కొలతలలో కనబడిన నష్టములో అవి సుమారు సగమే చూపినవి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ కొలతలకును హద్దులు కలవు. పాత కొలతలు దక్షిణ గోళపు సముద్రములలో అరుదు. ఓడలు పోయిన దారులలోనే ఎక్కువ. అందుచేత కొలతలోని సందేహము కూడ చిన్నది కాదు. అయినను తప్పంతయు కొలతదేనని చెప్పుటకు వీలులేదు. వెచ్చని నీరు తక్కువ వాయువును కరగించుకొనుట నష్టములో ఒక భాగమే. పైనీరు తేలికపడి అడుగు నీటితో కలియుట తగ్గినచో, లోతులకు గాలి అందదు. మిగిలిన నష్టములో ఎక్కువ భాగము ఇందువలననే. నీరు కలియు మార్గములలో పెక్కు చిన్న సుడులు, సన్నని ప్రవాహములు. నమూనా గడి సాధారణముగా ఒక డిగ్రీ, అనగా సుమారు నూరు కిలోమీటర్ల వెడల్పుది. ముప్పది, నలుబది కిలోమీటర్ల సుడి ఆ వలకన్నులలోనుండి జారిపోవును.

ఇందుండి తేలు నీతి ఒకటే. పదిమంది సాక్షులు ఒకే మాట చెప్పిరని న్యాయాధిపతి సంతోషించుటకు ముందు, ఆ పదిమంది ఒకే ఇంటివారా అని విచారించవలెను. ఐరోపాలోని అనేక నమూనాలు నీమో అను ఒకే సముద్ర గణిత పద్ధతిని పంచుకొన్నవి. వాటి పేర్లు వేరు, పునాది ఒకటి. పునాదిలో లోపమున్నచో అందరును కలిసి ఒకే వైపు తప్పుదురు. అప్పుడు తేడా చిన్నదిగానే కనబడును. వ్యాసములలో అంకె పక్కన వేయు కూడిక–తీసివేత గుర్తు నమూనాల మధ్య తేడాను చెప్పును. నమూనాలకు, సముద్రమునకు నడుమనున్న తేడాను చెప్పదు. ఈ వివేకము వ్రాయువారిలో ఉన్నది గాని చదువువారికి చేరుట లేదు.

అంకె కంటె సందేహము పెద్దది: ప్లవకముల పంట

సముద్రములోని సమస్త జీవులకు అన్నము పెట్టునవి వృక్ష ప్లవకములు. అవి ఒక సంవత్సరములో తయారుచేయు సేంద్రియ పదార్థమును ప్రాథమిక ఉత్పత్తి అందురు. దీనిని సముద్రపు పంట అనవచ్చును.

2013 నాటి వ్యాసము ఈ పంట శతాబ్దము చివరకు 8.6 శాతము తగ్గునని, తేడా 7.9 అని చెప్పినది. 2020 నాటి వ్యాసము తగ్గుదల 2.99 శాతము, తేడా 9.11 అని చెప్పినది. రెండును దుబారా దారికే. పోల్చిన సంవత్సరములు రెండింటిలో వేరు గనుక అంకెలను సూటిగా తీసివేయరాదు. అయినను సంగతి స్పష్టము: ఏడు సంవత్సరములు కృషిచేసి, నమూనాలను మెరుగుపరచిన పిమ్మట సందేహము తగ్గలేదు, పెరిగినది. తగ్గుదల 3, తేడా 9 అనగా, కొన్ని నమూనాలలో పంట తగ్గుచున్నది, కొన్నింటిలో పెరుగుచున్నది. ఒకడు తూర్పునకు, ఒకడు పడమరకు నడచినచో, సగటున ఇద్దరును నిలుచున్నచోటనే ఉన్నారని చెప్పినట్లున్నది ఈ సగటు.

ఇట్లేల జరిగినది? వేడి రెండు వైపుల లాగును. ఒకవైపు, వేడెక్కిన పైనీరు తేలికపడి మూతవలె నిలిచి, అడుగునుండి నైట్రేటు వంటి పోషకములను పైకి రానీయదు, పంట తగ్గును. మరియొకవైపు, వేడికి జీవక్రియలు చురుకగును, పోషకములు త్వరగా మరల తయారగును, మంచు కరగిన ఉత్తర ధ్రువ సముద్రములో ఎండ ఎక్కువ పడును, పంట పెరుగును. జంతు ప్లవకములు ఎంత మేయును, కొన్ని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎంత పట్టుకొనును అను సూత్రములు నమూనా నమూనాకు మారును. రెండు పెద్ద సంఖ్యలను ఒకదానినుండి ఒకటి తీసివేయగా మిగిలిన చిన్న సంఖ్య ఇది. అట్టి శేషములో తప్పు పెద్దదిగా నుండునని లెక్కల ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

కొలతలతో సరిచూచుటయు ఇచ్చట కష్టమే. ఉపగ్రహములు సముద్రపు రంగును చూచి ప్లవకములను అంచనా కట్టును; ఎడతెగని రికార్డు 1997 నుండియే ఉన్నది. ఎల్‌నినో వంటి సహజపు ఒడుదొడుకులనుండి శీతోష్ణస్థితి మార్పును వేరుచేయుటకు సుమారు నలుబది సంవత్సరముల రికార్డు కావలెనని 2010లో స్టెఫనీ హెన్సన్, సహచరులు లెక్కించిరి. పంటను గాక నీటి రంగునే పరీక్షించిన 2023 నాటి ఒక వ్యాసము, ఇరువది సంవత్సరముల ఉపగ్రహ చిత్రములలో సముద్ర ఉపరితలమున 56 శాతము మేర రంగు మారినట్లు చూపినది. మార్పు జరుగుచున్నదని దీనివలన తెలియును. పంట తగ్గినదో పెరిగినదో తెలియదు.

నిరాశపడుటకు మాత్రము కారణము లేదు. 2017లో క్వియాట్కోవ్‌స్కీ, సహచరులు తెలివైన దారి తొక్కిరి. ఎల్‌నినో వచ్చినప్పుడు ఉష్ణమండల సముద్రములు తాత్కాలికముగా వేడెక్కును, పంట తగ్గును. ఇది ఉపగ్రహములు చూచిన సంగతి. ఏ నమూనా ఎల్‌నినోకు ఎక్కువగా చలించునో, అదే శతాబ్దాంతమునకు ఎక్కువ నష్టమును చూపుచున్నదని వారు కనుగొనిరి. అప్పుడు నిజమైన ఎల్‌నినో కొలతను కొలబద్దగా పెట్టి, ఉష్ణమండలములో ఒక డిగ్రీ వేడికి 3 శాతము పంట తగ్గునని, తేడా 1 శాతమని తేల్చిరి. ప్రకృతియే పెట్టిన పరీక్షలో నమూనాను నిలబెట్టి మార్కులు వేయుట ఇది. ఒక తరము నమూనాలలో కనబడిన ఈ సంబంధమును ప్రతి కొత్త తరములోను మరల పరీక్షించవలసియున్నను, వట్టి సగటు కంటె ఇది ఎంతో మేలైన మార్గము.

గొలుసు చివరనున్న చేప

చేపల అంకె ఈ గొలుసులో చివరి కడియము. 2019లో హైకె లోట్సే, సహచరులు ప్రకటించిన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. 2100 నాటికి సముద్ర జంతువుల మొత్తము బరువు పొదుపు దారిలో 5 శాతము తగ్గును, తేడా 4. దుబారా దారిలో 17 శాతము తగ్గును, తేడా 11. ప్రతి ఒక్క డిగ్రీ వేడికి సుమారు 5 శాతము నష్టము. ప్లవకములలో కలిగిన చిన్న తగ్గుదల పెద్ద జీవులకు చేరునప్పటికి పెద్దదగునను భావము ఇందులోని విలువైన సూచన.

ఈ వ్యాసము అనేక నమూనాలను ఒక్క పద్ధతిలో నడిపి చూపినది. అది గొప్ప పని. కాని దీనిని ఉదాహరించువారు మూడు సంగతులు మరచుచున్నారు. మొదటిది: ఆరు జీవ నమూనాలకు ఆహారపు లెక్క అందించినవి రెండే శీతోష్ణస్థితి నమూనాలు. ప్లవకముల పంట విషయమున నమూనాలు తూర్పు పడమరలుగా నున్నవని పైన చూచితిమి. అందులో రెండింటినే తీసుకొన్నచో సందేహములో ఎక్కువ భాగము లెక్కలోనికి రాలేదు. రెండవది: ఈ లెక్కలో వేట లేదు. నేటి సముద్రములలో చేపలను ఎక్కువగా మార్చుచున్నది మనుష్యుల వల. ఆ వలను తీసివేసి చూచిన సముద్రము ఇది. శీతోష్ణస్థితి ప్రభావమును విడిగా తెలిసికొనుటకు అది సరియైన ప్రయోగమే. కాని దానిని రేపటి చేపల బజారుకు అన్వయించుట సరికాదు. మూడవది: చాల నమూనాలలో చేపకు పేరుండదు, పరిమాణమే ఉండును. సముద్రమునుండి గోదావరి ఎదురెక్కు పులసకు నీటి వేడి ఒక్కటే శత్రువు కాదు. నదిలో వరద ఎప్పుడు వచ్చినది, ధవళేశ్వరము ఆనకట్ట దారికెట్లు అడ్డు నిలిచినది, నదీముఖమున వలలెన్ని అనునవి దాని బ్రతుకును నిర్ణయించును. ప్రపంచ సముద్రముల లెక్కలో ఆ ఆనకట్ట లేదు.

బంగాళాఖాతపు పరీక్ష

ప్రపంచ సగటునుండి ఒక్క సముద్రమునకు దిగినప్పుడు నమూనాల బలాబలములు మరింత తేటపడును. తెలుగువారి సముద్రమైన బంగాళాఖాతము ఇందుకు కఠినమైన పరీక్ష. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ నదులు, ఋతుపవనపు వానలు కలిసి దానిపై మంచినీటి పలుచని పొరను పరచును. ఈ పొర అడుగు నీటిని పైకి రానీయదు. పలుచని పొరను, తీరము వెంట సన్నగా పారు మంచినీటి ధారను నూరు కిలోమీటర్ల గడి సరిగా చూపలేదు. విశాఖపట్టణము వంటి చోట్ల తీరపు మెరక ఆ గడిలో సగము వెడల్పు కూడ లేదు. వేట ఎక్కువగా సాగునది ఆ మెరకపైననే.

ఆక్సిజను విషయము మరియును విచిత్రము. ఉత్తర హిందూ మహాసముద్రములో ఆక్సిజను మిక్కిలి తక్కువగా నున్న నీటి పొర రెండు చోట్ల కలదు – అరేబియా సముద్రములోను, బంగాళాఖాతములోను. కొలతల ప్రకారము అరేబియా సముద్రముదే తీవ్రమైనది. కాని అనేక ప్రపంచ నమూనాలలో ఇది తలక్రిందులై, బంగాళాఖాతముదే తీవ్రముగా కనబడును. నేటి స్థితినే తారుమారు చేసిన నమూనా రేపటి స్థితిని చెప్పగా ఎంతవరకు నమ్మవలెను? బంగాళాఖాతములో మిగిలియున్న లేశమాత్రపు ఆక్సిజను చాల ముఖ్యమైనది. అది ఉన్నందుననే అచ్చటి సూక్ష్మజీవులు నైట్రేటును పెద్ద ఎత్తున నత్రజని వాయువుగా మార్చివేయుట లేదని 2017లో ఒక పరిశోధన చూపినది. అట్టి అంచున నున్న సముద్రములో చిన్న తప్పు చిన్నదిగా నిలువదు.

ఇందుకు భిన్నమైన పని ఒకటి హైదరాబాదులో జరుగుచున్నది. అచ్చటి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఉపగ్రహములు చూపిన నీటి వేడిని, రంగును బట్టి, చేపలు దొరకగల తావులను మత్స్యకారులకు తెలియజేయుచున్నది. ఆ మాట నిజమా కాదా అన్నది ఒడ్డునకు వచ్చిన వల చెప్పును. 2100 సంవత్సరపు అంచనాకు అట్టి వల లేదు. అందుచేతనే దానికి ముందుగా, వెనుకటి కాలముతో, ఎల్‌నినోతో, ఓడల కొలతలతో పరీక్షలు పెట్టవలసియున్నది. పరీక్షకు నిలువని అంకెను ఆధారముగా తీసుకొని ఒక పల్లెకు ఇక చేపలుండవని చెప్పుట క్రూరము. నిలిచిన అంకెను కూడ అనుమానించి, ఏమియు కాదులెమ్మని ఊరడించుట అంతకంటె క్రూరము.

తరగతిలో చదువవలసిన తీరు

ఇన్ని లోపములు చెప్పిన పిమ్మట నమూనాలను త్రోసివేయవలెనా? అది విమర్శ కాదు. దుబారా దారిలో వేడి, ఆమ్లగుణము పెరుగుటలోను, ఆక్సిజను తగ్గుటలోను నమూనాలకు, కొలతలకు దిక్కు విషయమున భేదము లేదు. భేదము పరిమాణములో. ఆక్సిజను విషయమున ఆ భేదము ఊరట కలిగించునది కాదు. నమూనా చెప్పినదానికంటె నిజము కఠినముగా నున్నది. సందేహమున్నదనుట ప్రమాదము లేదనుట కాదు. పొదుపు దారికి, దుబారా దారికి మధ్యనున్న అంతరము వేడి, ఆమ్లగుణముల విషయమున నమూనాల మధ్య తేడా కంటె చాల పెద్దది. అనగా ఆ రెండింటిలో భవిష్యత్తును నిర్ణయించునది నమూనాల లోపము కాదు, మనుష్యుల నడత.

శాస్త్రజ్ఞులు తమ సందేహమును దాచుట లేదు. అంతర్జాతీయ సంఘము తన నివేదికలలో ప్రతి ముఖ్య వాక్యమునకు నమ్మకము ఎక్కువ, మధ్యమము, తక్కువ అని గుర్తు వేయుచున్నది. నివేదికనుండి పత్రికకు, పత్రికనుండి పాఠమునకు వచ్చు దారిలో ఆ గుర్తు రాలిపోవుచున్నది. అంకె ఒక్కటే చేరుచున్నది. ఆ రాలిన గుర్తును తిరిగి అతికించుట ఉపాధ్యాయుని పని. అందుకు మూడు ప్రశ్నలు చాలును. ఈ అంకె ఏ షరతుపై చెప్పబడినది? నమూనాల మధ్య తేడా ఎంత, ఆ నమూనాలు నిజముగా వేరు వేరా? ఇదే లెక్క గడచిన కాలమునకు వేసినప్పుడు కొలతతో సరిపోయినదా?

సముద్రమును గూర్చిన ఒక వార్తను తరగతిలో చదివించి విద్యార్థులచేత ఈ మూడు ప్రశ్నలు అడిగించినచో, పి.హెచ్. అంకె మూడింటికిని నిలుచుటను, ఆక్సిజను మూడవదానివద్ద తడబడుటను, ప్లవకముల పంట రెండవదానివద్దనే ఆగిపోవుటను వారే కనుగొందురు. పంచాంగములో గ్రహణపు పుటను, వాన పుటను వేరుగా చదువుట నేర్చిన విద్యార్థికి ఏ నివేదికను చూచినను భయమును కలుగదు, భ్రమయు కలుగదు.